పదిహేను వేల గిటార్, రెండు లక్షల గిటార్: శబ్దంలో తేడా ఎంత? డబ్బు దేనికి పోతోంది?

"మామూ, నా గిటార్‌లో టోన్ లేదు."

మా చెల్లెలి కొడుకు నోట ఈ మాట గత కొన్ని నెలల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. రెండేళ్ల కింద వాళ్ల అబ్బా పదిహేను వేలు పెట్టి ఒక ఎలక్ట్రిక్ గిటార్ కొనిచ్చారు. పిల్లాడు బుద్ధిగానే నేర్చుకున్నాడు. ఇప్పుడు యూట్యూబ్‌లో చూసి రెండు లక్షల గిటార్ మీద మనసు పడ్డాడు. అది చేతికొస్తే తప్ప తన వాయింపు బాగుపడదని వాడి నమ్మకం. వాళ్ల అబ్బా జెద్దాలో పని చేస్తారు. రెండు లక్షలంటే ఆయనకు ఎన్ని నెలల ఓవర్‌టైమో ఇంట్లో అందరికీ తెలుసు. పిల్లాడి మనసు విరిచేయాలని ఎవరికీ లేదు. అలాగని అడిగిందల్లా కొనే స్తోమతా లేదు. చివరికి చెల్లెలు ఫోన్ చేసి, "భయ్యా, నిజంగానే అంత తేడా ఉంటదా? నువ్వే చూసి చెప్పు" అంది.

కాలేజీ రోజుల నుంచి గిటార్ వాయిస్తున్నాను. తెలిసినవాళ్ల గిటార్లు విప్పి బాగుచేయడమూ అలవాటే. అందుకని ఆమెకు చెప్పిన జవాబునే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇలాంటి కోరిక మీ ఇంట్లో కూడా రేపో మాపో రావచ్చు.

ముందు రెండు ముక్కల్లో చెప్తాను. తేడా ఉంది. కానీ ధరలో ఉన్నంత తేడా శబ్దంలో లేదు. ఆ ఉన్న తేడాలో కూడా చాలా భాగాన్ని ఇంట్లో ఉన్న గిటార్‌తోనే, తక్కువ ఖర్చులో సరిచేసుకోవచ్చు. అదెలాగో తెలియాలంటే ఈ వాద్యంలో శబ్దం ఎక్కడ పుడుతుందో తెలియాలి.

వీణ వేరు, ఎలక్ట్రిక్ గిటార్ వేరు

బొబ్బిలి వీణను చూడండి. పనస దుంగను తొలిచి చేస్తారు. తీగ మీటితే ఆ కంపనం చెక్కలోకి దిగుతుంది. బోలుగా ఉన్న కుండ దాన్ని పెద్దది చేసి మన చెవికి చేరుస్తుంది. అక్కడ మనం వినేది చెక్క నాదమే. పనస బదులు ఇంకో కర్ర వాడితే వీణ మారిపోతుంది. మామూలు గిటార్, అంటే మధ్యలో గుండ్రటి రంధ్రం ఉండేది, అదీ ఇంతే.

ఎలక్ట్రిక్ గిటార్ అలా కాదు. దాని ఒళ్లు గట్టి పలక. లోపల బోలు లేదు. కరెంటు లేకుండా మీటితే పక్క గదికి కూడా వినిపించదు. తీగల కింద పికప్ అనే భాగం ఉంటుంది. దాంట్లో అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ చుట్టలు ఉంటాయి. పైన ఉన్న ఉక్కు తీగ కదిలినప్పుడు అయస్కాంత క్షేత్రం మారుతుంది. దాంతో రాగి చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. మన ఇళ్లకు కరెంటు ఇచ్చే జనరేటర్లు కూడా దీని మీదే నడుస్తాయి. ఆ చిన్న కరెంటును యాంప్లిఫయర్ పెద్దది చేసి స్పీకర్‌కు పంపిస్తుంది.

అంటే పికప్ గాలిలోని శబ్దాన్ని వినే మైకు కాదు. తన పైన ఉక్కు తీగ ఎలా ఊగుతోందో మాత్రమే దానికి తెలుస్తుంది. నైలాన్ తీగ కడితే ఎంత గట్టిగా మీటినా స్పీకర్‌లో ఏమీ రాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే దుకాణంలో చెప్పే మాటల్లో ఏది నిజమో సగం మీకే అర్థమవుతుంది.

అసలు తేడా పికప్‌లో

ఖరీదైన, చవకైన గిటార్ల శబ్దంలో చెవికి తెలిసే తేడా ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. పోలిక తేలిగ్గా ఉండటానికి ఒకే ఆకారం ఉన్న రెండు గిటార్లు తీసుకుందాం. ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్ నమూనా ప్రపంచమంతా తెలిసినదే. అదే నమూనాను ఆ కంపెనీ తన చవక బ్రాండ్ స్క్వయర్ పేరుతోనూ అమ్ముతుంది. స్క్వయర్ సోనిక్ రకం అమెరికాలో 200 డాలర్ల దగ్గర వచ్చింది. కాలిఫోర్నియాలో తయారయ్యే అమెరికన్ ప్రొఫెషనల్ రకం 1,500 డాలర్ల దగ్గర మొదలై పైకి పోయింది. మన దగ్గరికి వచ్చేసరికి దిగుమతి ఖర్చులు, పన్నులు కలిసి ధరలు ఇంకా పెరుగుతాయి. తీగ పొడవు రెండింటిలోనూ ఒకటే, 25.5 అంగుళాలు. మూడు పికప్‌లు, అయిదు స్థానాల స్విచ్ కూడా రెండింటికీ ఉంటాయి.

ఇక తేడాలకు వస్తే, ఖరీదైనదాంట్లో ఆల్నికో అయస్కాంతాలు వాడతారు. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన లోహం అది. ఒక్కో తీగ కింద ఒక్కో అయస్కాంతపు కడ్డీ నిలబడి ఉంటుంది. చవకదాంట్లో మామూలు ఉక్కు కడ్డీలు పెట్టి, వాటి అడుగున సిరామిక్ అయస్కాంతపు పట్టీ అంటిస్తారు. ఇలా చేస్తే ఖర్చు తగ్గుతుంది, శబ్దం కొంచెం మారుతుంది. ఆల్నికో పికప్‌లో సన్నటి స్వరాలు గాజు మోగినట్టు విడివిడిగా వినిపిస్తాయి. చవకదాంట్లో అవే స్వరాలు కొంత మొరటుగా ఉంటాయి, ఒక్కోసారి మందంగా తోస్తాయి.

సిరామిక్ అంటే చెడ్డదని మాత్రం అనుకోవద్దు. డిమార్జియో కంపెనీ 1970ల మొదట్లో తెచ్చిన సూపర్ డిస్టార్షన్ పికప్‌లో ఉన్నది సిరామిక్ అయస్కాంతమే. రాక్ వాయించేవాళ్లు దాన్ని ఇష్టపడి కొన్నారు. ఎలాంటి అయస్కాంతం, ఎన్ని చుట్లు, ఎంత జాగ్రత్తగా చుట్టారు అన్నవన్నీ కలిసి శబ్దం తేలుతుంది.

ఇంకో సంగతి రొద. ఒకే చుట్ట ఉన్న పికప్ ఇంట్లోని కరెంటు రొదను కూడా పట్టుకుంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు, ఫ్యాన్ రెగ్యులేటర్ దగ్గర నిలబడితే జుయ్‌మని మోత వస్తుంది. దీనికి మందుగా గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు 1955లో రెండు చుట్టల పికప్‌ను తయారుచేశారు. రెండు చుట్టలూ ఒకదాని రొదను ఇంకొకటి కొట్టేస్తాయి. అందుకే దాన్ని హంబకర్ అంటారు. పిల్లలు 'మా గిటార్ మోత పెడుతోంది, చవకది కదా' అంటారు. అది నిజం కాకపోవచ్చు. ఒకే చుట్ట ఉంటే లక్షన్నర గిటార్ కూడా మోత పెడుతుంది. కాకపోతే ఖరీదైనదాంట్లో లోపలి గుంతలకు రొదను అడ్డుకునే పూత గానీ, రాగి రేకు గానీ శ్రద్ధగా వేస్తారు. చవకదాంట్లో అది తరచుగా ఉండదు. రాగి రేకు టేపు తెచ్చి, వైరింగ్ తెలిసినవాళ్ల చేత వేయిస్తే చాలావరకు తగ్గుతుంది.

మరి చెక్క సంగతేంటి?

గిటార్ వాయించేవాళ్లు ఎక్కువగా తగవు పడేది దీని మీదే. ఆల్డర్ కర్ర అయితే ఇలా పలుకుతుంది, మహాగని అయితే అలా పలుకుతుంది అని ప్రకటనల్లో రాస్తారు. మన దక్షిణాది అడవుల్లో పెరిగే ఇరుగుడు చేవను, అంటే ఇండియన్ రోజ్‌వుడ్‌ను, ఎన్నో దేశాల గిటార్లకు ఫ్రెట్‌బోర్డుగా వేశారు. దాని పేరు చెప్పి కూడా అమ్ముతారు.

చరిత్ర చూస్తే 1940 ప్రాంతంలోనే లెస్ పాల్ అనే అమెరికన్ వాద్యకారుడు నాలుగంగుళాల మందం పైన్ దూలానికి తీగలు, పికప్ బిగించి వాయించాడు. దానికి 'లాగ్', అంటే దుంగ, అని పేరు పెట్టాడు. చూడటానికి వింతగా ఉందని తరువాత రెండు పక్కలా గిటార్ ముక్కలు తగిలించాడు. ఆ ముక్కలు చూపుకోసమే. శబ్దం దుంగ మీది తీగల నుంచి వచ్చింది.

ఈ మధ్య కాలంలో నాష్‌విల్ నగరానికి చెందిన గిటార్ వాద్యకారుడు జిమ్ లిల్ ఇంకా ముందుకు వెళ్లాడు. ఒక చవక గిటార్, తన ఖరీదైన గిటార్ తీసుకుని ఒక్కో భాగాన్నీ మారుస్తూ శబ్దం రికార్డు చేశాడు. చివరికి గిటార్ ఒళ్లే లేకుండా, వర్క్‌బెంచీల మధ్య గాలిలో తీగలు బిగించి, వాటి కింద అదే రకం పికప్‌ను అదే దూరంలో పెట్టి వాయించాడు. వీడియోలో వింటే ఆ శబ్దానికీ అతని ఖరీదైన గిటార్‌కూ తేడా పట్టుకోవడం కష్టం.

అయితే చెక్క ప్రభావం సున్నా అని కొట్టిపారేయలేం. మెడ కర్ర బిగువును బట్టి కొన్ని ఫ్రెట్ల దగ్గర స్వరం త్వరగా ఆగిపోతుంది. వీటిని డెడ్ స్పాట్లు అంటారు. ఖరీదైన గిటార్లలోనూ ఇవి ఉంటాయి. గిటార్ బరువు, భుజానికి హాయి, అందం, మన్నిక ఇవన్నీ కూడా చెక్క మీదే ఆధారపడతాయి. కానీ 'ఈ చెక్క కోసం ఇంకో యాభై వేలు పెట్టండి, శబ్దం మారిపోతుంది' అని ఎవరైనా అంటే, ఒప్పుకునే ముందు కళ్లు మూసుకుని రెండూ వినండి.

తీగ దగ్గర మొదలై స్పీకర్ దాకా

పికప్ తరువాత కరెంటు వాల్యూమ్, టోన్ నాబ్‌ల గుండా పోతుంది. ఒకే చుట్ట పికప్‌కు మామూలుగా 250 కిలో ఓమ్‌ల పాట్, హంబకర్‌కు 500 కిలో ఓమ్‌లది వేస్తారు. దీన్ని మారిస్తే శబ్దం తేటగానో మందంగానో మారుతుంది. ఈ పాట్ ధర వందల్లోనే. తరువాత వైరు. గిటార్ నుంచి యాంప్‌కు వెళ్లే కేబుల్ ఎంత పొడవైతే సన్నటి స్వరాలు అంత తగ్గుతాయి. ముప్పై అడుగుల నాసిరకం కేబుల్ వాడి 'గిటార్ మసకగా ఉంది' అని బాధపడేవాళ్లను చూశాను.

ఇక అన్నింటికన్నా పెద్దది యాంప్, అందులోని స్పీకర్. గిటార్ స్పీకర్ దాదాపు 5 కిలోహెర్ట్జ్ దాటాక శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. పికప్‌ల మధ్య సన్నటి తేడాలు కొన్ని అక్కడే కలిసిపోతాయి. దానికి తోడు డిస్టార్షన్, అంటే రాక్ పాటల్లో వినిపించే ఆ గరగర శబ్దం, పెడితే ఉన్న తేడాలు ఇంకా చదునైపోతాయి. అందుకే పదిహేను వేల గిటార్‌ను మంచి యాంప్‌లో పెడితే బాగా పలుకుతుంది. రెండు లక్షల గిటార్‌ను ఆరంగుళాల నాసిరకం యాంప్‌లో పెడితే డబ్బాలో రాళ్లు వేసినట్టుంటుంది. మా వాడి ఇంట్లో ఉన్నది ఈ రెండో రకం యాంపే. గిటార్‌తో పాటు ప్యాకేజీలో ఇచ్చారు.

అయితే రెండు లక్షలు దేనికి?

ఖరీదైన గిటార్ మోసం అని నేను అనను. ఆ డబ్బుకు దొరికేవి ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం చెవి కంటే చేతికి తెలుస్తాయి.

వీణలో మెట్లను మైనంలో నిలబెడతారు, శ్రుతి తప్పితే మళ్లీ సరిచేసుకోవచ్చు. గిటార్ ఫ్రెట్లు చెక్కలో దిగేసి ఉంటాయి, కదలవు. కాబట్టి వాటి ఎత్తు సమానంగా ఉండాలి. ఒక్కటి కొంచెం ఎత్తుగా ఉన్నా తీగ దానికి తగిలి జరజరమంటుంది. ఖరీదైన గిటార్లలో ఫ్రెట్లను సమం చేసి, అంచులు గుండ్రంగా రుద్ది, మెరుగు పెడతారు. ఈ పని మనిషి చేయాలి, సమయం పడుతుంది. కాలిఫోర్నియాలో ఆ గంటకు అయ్యే కూలి వేరు, స్క్వయర్ సోనిక్ తయారయ్యే ఇండోనేషియాలో వేరు. ధరలో తేడాకు ఇది పెద్ద కారణం.

తీగలు ఆనే నట్‌ను ఖరీదైనదాంట్లో ఎముకతో చేసి గాడులు సరిగ్గా కోస్తారు. బిరడాలు, అంటే ట్యూనర్లు, జారవు. పాట మధ్యలో శ్రుతి తప్పదు. స్టేజీ మీద వాయించేవాడికి ఇది ప్రాణం. స్విచ్, జాక్ ఏళ్ల తరబడి పని చేస్తాయి. తిరిగి అమ్మితే మంచి రేటు వస్తుంది. పేరున్న బ్రాండ్ కాబట్టి ఆ పేరుకు కూడా కొంత కడతాం.

ఇంకొకటి నమ్మకం. ఖరీదైన గిటార్లు పది తీసుకుంటే పదీ దాదాపు ఒకేలా ఉంటాయి. చవకవాటిలో రెండు బ్రహ్మాండంగా ఉంటాయి, ఒకటి పనికిరాదు. అయితే ఈ దూరం తగ్గుతోంది. ఇప్పుడు కంప్యూటర్‌తో నడిచే యంత్రాలు చవక ఫ్యాక్టరీల్లోనూ చెక్కను కొలత తప్పకుండా కోస్తున్నాయి. ముప్పై ఏళ్ల కింద మేము నేర్చుకున్న చవక గిటార్లతో పోలిస్తే ఈ రోజు పదిహేను వేల గిటార్ చాలా నయం.

పెద్దవాళ్లు ఎక్కడ పొదుపు చేశారు?

క్వీన్ బృందం గిటారిస్టు బ్రయాన్ మే కథ మా వాడికి చెప్పాను. 1963లో పదహారేళ్ల వయసులో ఆయనకు ఫెండర్ గిటార్ కొనే స్తోమత లేదు. తండ్రి హెరాల్డ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. తండ్రీకొడుకులు ఇంట్లోనే గిటార్ చేయడం మొదలుపెట్టారు. పాత పొయ్యిగూడు చుట్టూ ఉండే చెక్కతో మెడ చేశారు. పాత మోటారుసైకిల్ స్ప్రింగులు వాడారు. అమ్మ బొత్తాల పెట్టెలోని ముత్యపు చిప్ప బొత్తాలను ఫ్రెట్ల మధ్య గుర్తులుగా పెట్టారు. పికప్‌లు కూడా తానే చుట్టుకున్నాడు గానీ తీగను పక్కకు లాగినప్పుడు వాటి శబ్దం నచ్చలేదు. చివరికి పికప్‌లు మాత్రం కొన్నాడు. బర్న్స్ కంపెనీవి, మూడు. ఆ గిటార్‌తోనే జీవితమంతా వాయించాడు.

ఎడ్డీ వాన్ హాలెన్‌ది కూడా ఇలాంటిదే. 1970లలో ఆయన లోపం ఉందని పక్కన పడేసిన గిటార్ ఒళ్లును 50 డాలర్లకు, మెడను 80 డాలర్లకు కొన్నాడు. పికప్ మాత్రం తన గిబ్సన్ గిటార్ నుంచి పీకి పెట్టాడు. 1978లో వచ్చిన మొదటి ఆల్బమ్‌తో ఆ శబ్దం లోకమంతా తెలిసింది. ఇద్దరూ చెక్క దగ్గర పొదుపు చేశారు. పికప్ దగ్గర చేయలేదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్ 2019 వేలంలో 39 లక్షల 75 వేల డాలర్లకు పోయింది. అది 1970లో కొన్న మామూలు దుకాణపు గిటార్. మెడలు, పికప్‌లు ఎన్నోసార్లు మార్చారు. ఆ ధర దాని చరిత్రకు, వాయించిన చేతికి.

చేతి మాట వచ్చింది కాబట్టి మనవాళ్లనూ తలుచుకోవాలి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. పికప్ సూత్రం అదే. ఆ గమకాలు ఏ కంపెనీ చేసి పెట్టింది కాదు. తీగను ఎక్కడ మీటాలి, ఎంత నొక్కాలి, ఎంత లాగాలి అన్నది వేళ్లకు తెలియాలి. అదే యాంప్, అదే గిటార్ ఇద్దరికిస్తే ఇద్దరి శబ్దం వేరుగా ఉంటుంది.

మా ఇంట్లో చేసిన పరీక్ష

మాటలతో మా వాడు ఒప్పుకోలేదు. సరేనని ఒక దోస్తు దగ్గర ఖరీదైన గిటార్ తెచ్చాను. ముందు రెండింటికీ ఒకే రకం కొత్త తీగలు వేశాను. వాడి గిటార్ తీగలు చూస్తే తుప్పు పట్టి నల్లగా ఉన్నాయి. కొన్నప్పటి నుంచి మార్చలేదట! తీగల ఎత్తు సరిచేశాను. పికప్‌ల పక్కన స్క్రూలు ఉంటాయి, వాటితో ఎత్తు కూడా సరిచేశాను. పికప్ తీగకు మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి స్వరం వంకరపోతుంది. మరీ దూరమైతే నీరసంగా ఉంటుంది. దీనికి స్క్రూడ్రైవర్ తప్ప ఖర్చు లేదు.

తరువాత వాణ్ని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టాను. ఒకే యాంప్, ఒకే సెట్టింగు. వాల్యూమ్ సమానంగా పెట్టాను. ఇది ముఖ్యం. కొంచెం బిగ్గరగా ఉన్నదే మన చెవికి మంచిదిగా తోస్తుంది. శుభ్రమైన శబ్దంలో వాడు చాలాసార్లు ఖరీదైనదాన్ని గుర్తుపట్టాడు. "సన్నటి తీగలు క్లియర్‌గా ఉన్నయ్ మామూ" అన్నాడు. నిజమే, ఉన్నాయి. డిస్టార్షన్ పెట్టాక తడబడ్డాడు. తన గిటార్‌నే రెండుసార్లు 'అదిగో, అదే' అని మెచ్చుకున్నాడు. ఇటు తిరిగి చూసి నమ్మలేకపోయాడు.

ఇందులో వాడి తప్పేం లేదు. ధర తెలిస్తే చెవి కూడా ధరను బట్టే వింటుంది. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో 21 మంది అనుభవం ఉన్న వయొలిన్ వాద్యకారులకు కనిపించకుండా నల్ల కళ్లద్దాలు పెట్టి, పాత ఇటాలియన్ వయొలిన్లు, కొత్తవి కలిపి ఇచ్చారు. ఎక్కువమంది కొత్తవాటినే ఎంచుకున్నారు. అందరికన్నా తక్కువ నచ్చింది ఒక స్ట్రాడివేరియస్. చెక్కే మాట్లాడే వయొలిన్‌లోనే ఇలా ఉంటే, ఎలక్ట్రిక్ గిటార్ సంగతి చెప్పేదేముంది?

ఆ తరువాత రెండూ వాడి చేతికే ఇచ్చాను. అప్పుడు అసలు తేడా చెప్పాడు. "దీని మీద వేళ్లు జారిపోతున్నయ్, నా దాని మీద పట్టుకుంటున్నయ్." సరిగ్గా చెప్పాడు. అది టోన్ తేడా కాదు, ఫ్రెట్ల పని తేడా. దానికి ఫ్రెట్లు రుద్దించి మెరుగు పెట్టిస్తే చాలావరకు వస్తుంది.

కొనేముందు ఇవి చూడండి

పిల్లలతో దుకాణానికి వెళ్తే, గిటార్ వాయించడం రాకపోయినా తల్లిదండ్రులు ఈ పరీక్షలు చేయొచ్చు:

• మెడ పక్క అంచు వెంట వేలు నెమ్మదిగా జరపండి. ఫ్రెట్ల చివరలు గుచ్చుకుంటే వద్దు. తెలంగాణ ఎండాకాలంలో చెక్క ఎండి కుంచించుకుపోతే ఈ బాధ ఇంకా పెరుగుతుంది.

• మెడను తుపాకీ గురి చూసినట్టు చివరి నుంచి చూడండి. తీగ కింద మెడ మెలి తిరిగి ఉండకూడదు. అతి కొంచెం వంపు ఉంటే తప్పు కాదు, దాన్ని లోపలి ఉక్కు కడ్డీతో సరిచేస్తారు.

• 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి మీటిన స్వరం, నొక్కకుండా మీటిన స్వరానికి సరిగ్గా పై స్థాయి కావాలి. ఫోన్‌లో ఉచిత ట్యూనర్ యాప్ చాలు. కొద్ది తేడాను బ్రిడ్జి దగ్గర సరిచేయొచ్చు, దుకాణంవాళ్ల చేతనే చేయించండి.

• ఒక్కో తీగనూ ఒక్కో ఫ్రెట్ దగ్గర వాయించమనండి. యాంప్‌లో జరజర శబ్దం వస్తోందేమో వినండి.

• తీగలను గట్టిగా లాగి వదిలాక శ్రుతి నిలుస్తోందా చూడండి.

• నాబ్‌లు తిప్పినప్పుడు, జాక్ కదిపినప్పుడు చిటపటలు రాకూడదు.

• రెండు గిటార్లు పోలుస్తుంటే ఒకే యాంప్‌లో, ఒకే వాల్యూమ్‌లో వినండి. ధర చీటీ ముందు చూడకండి.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఈ పరీక్షలు కుదరవు. అప్పుడు సెటప్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. వచ్చిన పెట్టెలోంచి తీసి నేరుగా వాయించే స్థితిలో గిటార్ ఉండటం అరుదు. పిల్లలు 'నాకు రావట్లేదు' అని మూల పడేయడానికి చాలాసార్లు ఇదే కారణం. తీగలు చెక్కకు మరీ ఎత్తుగా ఉంటే వేళ్లు నొప్పి పుడతాయి. పిల్లాడు తనకు చేతకాదనుకుంటాడు.

డబ్బును ఎలా పంచుకోవాలి?

మొదటిసారి కొనేవాళ్లకు నా లెక్క ఇది. చేతిలో ముప్పై వేలు ఉంటే మొత్తం గిటార్ మీద పెట్టొద్దు. సగం గిటార్‌కు, మూడో వంతు దాకా యాంప్‌కు, మిగిలింది సెటప్, మంచి కేబుల్, తీగలకు పెట్టండి. రెండేళ్లు వాయించాక శబ్దం చాలట్లేదంటే, వరుస ఇలా ఉండాలి: ముందు కొత్త తీగలు, సెటప్. తరువాత యాంప్. ఆ తరువాత పికప్‌లు. ఇవన్నీ అయ్యాక కూడా చేతికి అడ్డం వస్తోందంటే అప్పుడు కొత్త గిటార్. అప్పుడైనా మధ్య రకం చూడండి, వాడినది మంచి స్థితిలో దొరికితే ఇంకా మేలు. సంగీతమే జీవనాధారంగా స్టేజీలు, రికార్డింగులు చేసేవాళ్లు ఖరీదైనది కొంటే అర్థం ఉంది. దర్జీకి మంచి మిషన్ ఎలాగో వాళ్లకు అది అలాగే.

చెల్లెలికి ఇదే చెప్పాను. ఆ రాత్రి వీడియో కాల్‌లో మా దూల్హాభాయ్‌కూ చెప్పాం. ఆయన అంతా విని, "నువ్వేమంటావ్ బేటా?" అని వాణ్నే అడిగారు. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "యాంప్ చాలు అబ్బా, ఇప్పటికి" అన్నాడు.

వాడిన యాంప్ ఒకటి దొరికింది. ఫ్రెట్లు మెరుగు పెట్టించాం. సన్నటి తీగల స్పష్టత కోసం ఈ ఏడాది చివర్లో పికప్‌లు మార్చాలని ఉన్నాడు, దానికి ట్యూషన్లు చెప్పి తానే కూడబెడుతున్నాడు. ఖరీదైన గిటార్ మీద ఆశ పోయిందా అంటే పోలేదు. దాని ఫోటో ఇప్పటికీ వాడి ఫోన్ తెర మీదే ఉంది. కానీ "టోన్ లేదు" అన్న మాట మాత్రం ఈ మధ్య వినలేదు.